బీముకి పూసిన సిమెంటు

మా అపార్ట్‌మెంటు పార్కింగులో ట్రాన్స్‌ఫార్మర్ వైపు బీముకి ఇవాళ సిమెంటు పూసేశారు. సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని స్కూటీ పెడుతుంటే కనబడింది. పూత ఇంకా ఆరలేదు. నిన్నటిదాకా అక్కడ మూరెడు పగులు ఉండేది. దాని వెంట తుప్పు చార, ఒకచోట పెచ్చు ఊడి బయటపడ్డ రెండు ఊచలు. ఇప్పుడవేవీ లేవు. అరచెయ్యి పెట్టి చూశాను, నున్నగా ఉంది. వచ్చే వారం దానిమీద పుట్టీ, ఆ పైన బిస్కెట్ రంగు పెయింటు వస్తాయట.

ఎవరు పూయమన్నారని వాచ్‌మన్‌ని అడిగితే, "ప్రెసిడెంటు గారు చెప్పారండి. పెయింటింగోళ్ళు వచ్చేలోపు పెచ్చులన్నీ సాపు చేయించెయ్యమన్నారండి" అన్నాడు.

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. నిజానికి ఇవాళ సంతోషంగా ఉండాల్సిన రోజు. చిన్నదానికి ఎంసెట్ ర్యాంకు మేం అనుకున్నదానికన్నా బాగా వచ్చింది. అత్తయ్యగారు పొద్దున్నే గునుపూడి సోమేశ్వరస్వామి గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. దాని గురించి ఇంకోరోజు తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు నా బుర్రంతా ఆ బీము దగ్గరే ఉంది.

పోయినేడు ఇంజినీరు గారిని పిలిపించింది మేమే కదా. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, ఫీజు కూడా పెద్దగా తీసుకోలేదు. చిన్న సుత్తి పట్టుకుని ప్రతి పిల్లరూ, ప్రతి బీమూ తట్టుకుంటూ వెళ్ళారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంది. లోపల వదిలేసినచోట డొల్లగా పలికింది. అక్కడల్లా సుద్దతో గుండ్రంగా గీశారు. మాకు అర్థమయ్యేలా చెప్పారు కూడా. కాంక్రీటు లోపల ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ తుప్పుకి అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు కావాలి, అది లోపల్నుంచి నెడితే కాంక్రీటు ఊచ వెంబడే చీలుతుంది. చీలికలోంచి చెమ్మ, గాలి పోతాయి, తుప్పు ఇంకా పెరుగుతుంది. పైన సిమెంటు పూస్తే పగులు మూసుకుంటుంది కానీ లోపల ఊచ తుప్పు పడుతూనే ఉంటుంది, అదీ చెప్పారు. అది విన్నాక కూడా పూయించారే అన్నదే నా బాధ.

"కట్టేటప్పుడు ఏ నీళ్ళు వాడారండీ?" అని ఆయన అడిగితే ఎవరూ మాట్లాడలేదు. భీమవరంలో బోరు నీళ్ళ సంగతి తెలియనిదెవరికి? ఎండాకాలం కాలువలు కట్టేస్తే మంచినీళ్ళ చెరువే గతి, బోరేస్తే ఉప్పు. ఊచలు వేసే కాంక్రీటుకి వాడే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాములకి మించి క్లోరైడు, అంటే ఉప్పులో ఉండేదే, ఉండకూడదని ఐఎస్ 456 అనే కాంక్రీటు పనుల ప్రమాణం అంటుందట. ఊచల్లేని ఒట్టి కాంక్రీటుకైతే 2000 దాకా పరవాలేదట. అంత తేడా ఎందుకంటే ఉప్పు తినేది ఇనుముని కాబట్టి. మా బిల్డింగుకి ఏ నీళ్ళు పోశారో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు, బిల్డరు ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

ఆయన రిపోర్టు నాలుగు పేజీలు. ఇప్పటికిప్పుడు పడిపోతుందని అందులో లేదు. బీము కింద జాకీలు పెట్టి, వదులైన కాంక్రీటంతా కొట్టేసి, ఊచలు వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు పట్టని కోటింగు వేసి, పల్చబడ్డ ఊచల పక్కన కొత్తవి కట్టి, మైక్రో కాంక్రీటు పొయ్యాలని ఉంది. రెండు వానాకాలాలకి మించి ఆగొద్దని ఉంది. ఊడిన పెచ్చు మనిషి నెత్తిన పడ్డా ప్రాణం మీదికొస్తుందని కూడా ఉంది. ఆ నాలుగు పేజీలు మీటింగు మీటింగుకీ వాయిదా పడ్డాయి. పెయింటు మాత్రం పది నిమిషాల్లో తేలిపోయింది. "ఫ్లాటుకి రేటు పలకాలంటే ఎలివేషన్ బాగుండాలి కదమ్మా" అన్నారు ప్రెసిడెంటు గారు.

మూడో అంతస్తు వదినగారు అన్న మాటైతే మింగుడు పడట్లేదు. "కింద పార్కింగు బీముకి మేమెందుకండీ కట్టాలి? మాది పైన కదా." పైన ఇల్లు కింద బీము మీద కాక దేనిమీద ఉంది? ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987 నుంచీ ఉంది. పునాదులు, పిల్లర్లు, బీములు, పైకప్పు అందరివీ ఉమ్మడి అని అందులోనే ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో అవిభాజ్య వాటా అని గజాల్లో రాయించుకుంటాం కదా, ఆ వాటాకి మరమ్మతు ఖర్చు కూడా అంటుకునే ఉంటుంది.

తమ్ముడు అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపాలో ఉన్నాడు కాబట్టి 2021లో సర్ఫ్‌సైడ్ సంగతి మా ఇంట్లో చాలా రోజులు నడిచింది. మయామీ పక్కన సముద్రం ఒడ్డున చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అని 12 అంతస్తుల బిల్డింగు, 1981లో కట్టింది. జూన్ 24న రాత్రి ఒంటిగంట దాటాక, జనం నిద్రలో ఉండగా చాలా భాగం కూలిపోయింది. 98 మంది పోయారు. ఆ తర్వాత బయటికొచ్చిన సంగతులు నన్ను ఇప్పటికీ వదలవు. 2018లోనే ఇంజినీరు రాసిచ్చాడు: స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఉన్న స్లాబుకి వాటం లేదు, నీళ్ళు నిలిచిపోతున్నాయి, వాటర్‌ప్రూఫింగ్ పోయింది, కింద కాంక్రీటు బాగా దెబ్బతింది అని. ఆ మరుసటి నెల ఊరి బిల్డింగుల అధికారి మీటింగుకొచ్చి బిల్డింగు చాలా బాగుందన్నట్టు మినిట్స్‌లో రాసుకున్నారు. 2019లో కమిటీలో గొడవలై ఏడుగురిలో ఐదుగురు రాజీనామా చేశారు. 2021 ఏప్రిల్లో ఆ కమిటీ ప్రెసిడెంటు ఫ్లాటు ఓనర్లందరికీ ఉత్తరం రాసింది. దెబ్బ ఇంకా పెరిగిందనీ, ఇంక ఆగకూడదనీ. ఒకటిన్నర కోట్ల డాలర్లు కావాలి, ఒక్కో ఫ్లాటుకి 80 వేల డాలర్ల నుంచి 3 లక్షల పైదాకా పడింది. కట్టడానికి గడువు జులై 1. బిల్డింగు అంతకు వారం ముందే పడిపోయింది.

ఇదంతా తెలుగులో రాసి మా గ్రూపులో పెట్టాను. "అది అమెరికా అండి, పన్నెండంతస్తులు, సముద్రం పక్కన. మనది ఐదే కదా" అని జవాబు, కింద నమస్కారం బొమ్మ. ఇరవై ఏళ్ళుగా నిలబడింది, ఇప్పుడేం అవుతుంది అని ఇంకొకరు. సర్ఫ్‌సైడ్ ఎందుకు కూలిందో వెతుకుతున్న అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ ఏమందంటే, ఆ పూల్ స్లాబుకి అప్పటి రూల్స్ ప్రకారం ఉండాల్సిన బలం డిజైన్‌లోనే లేదంది. అంటే బలం తక్కువతోనే నలభై ఏళ్ళు నిలబడింది. అంతకాలం నిలబడటం వల్లే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక్కడిదాకా అందరి మీదా కోపంతోనే రాశాను. మా బిల్డింగులోనే ఉండే రిటైరైన మేష్టారు గుర్తొచ్చేసరికి చెయ్యి ఆగింది. మీటింగులో రిపేరు వద్దని మొదట చెయ్యెత్తింది ఆయనే. తర్వాత మెట్ల మీద కలిసినప్పుడు, "నాకు ఇష్టం లేక కాదమ్మా. మామ్మగారి మందులకే పెన్షన్ సగం పోతోంది. ఒక్కసారి లక్షన్నర తెమ్మంటే ఎక్కణ్ణుంచి తేను?" అన్నారు. ఆయన్ని పిసినారి అనగలనా? ఇన్నేళ్ళూ నెలవారీ మెయింటెనెన్స్ లిఫ్టుకీ, మోటారుకీ, వాచ్‌మన్ జీతానికీ సరిపోయేంతే పెట్టుకున్నాం. బిల్డింగుకని నెలకి రెండొందలు పక్కన పెట్టుకుని ఉంటే ఇవాళ మేష్టారు చెయ్యెత్తాల్సిన పని ఉండేది కాదు. ఫ్లోరిడాలో 2022లో చట్టం మార్చారు. మూడంతస్తులూ ఆపైన ఉన్న కాండోలు, అంటే మన అపార్ట్‌మెంట్ల లాంటివి, 30 ఏళ్ళకి తనిఖీ చేయించాలి, మరమ్మతుల నిధి తప్పకుండా కూడబెట్టాలి, ఓట్లేసి మానేద్దామంటే కుదరదని అప్పుడు పెట్టారు. తమ్ముడి నెలవారీ కట్టుబడి బాగా పెరిగింది. వాళ్ళ బిల్డింగులో పెన్షన్ మీద బతికే ముసలివాళ్ళు కొందరు కట్టలేక అమ్ముకుని వెళ్ళిపోయారట. అది విన్నప్పుడు నాకు మేష్టారి ముఖమే కళ్ళముందుకొచ్చింది. అయినా ఆ చట్టం మంచిదే అనుకుంటాను. కాకపోతే మొదటి రోజు నుంచీ ఉండాల్సింది.

స్లాబంటే మనవాళ్ళకి ఇంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా ఇంట్లోనే చూశాను.

ముమ్మిడివరం దగ్గర తాతయ్యగారిది మండువా లోగిలి. ఏటా రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే పెంకు సర్దించేవారు. పగిలినవి దింపడం, కొత్తవి ఎక్కించడం, కప్పు మీద పేరుకున్న ఆకులు ఊడ్చడం, నాలుగు రోజులు ఇల్లంతా మట్టి. పెంకు తీసినచోట ఎండ సరాసరి గదిలోకి పడేది. అప్పుడు తాతయ్య నిచ్చెనెక్కి చేతికర్రతో ఒక్కో వాసం తట్టేవారు. కింద నేను సుద్దముక్క పట్టుకుని నిలబడేదాన్ని. "విన్నావా? ఇది మంచిది. ఇది విను, చెద లోపల తినేసింది" అనేవారు. పైకి రెండూ ఒకేలా ఉండేవి, నల్లగా, నూనె రాసినట్టు. చెవికి మాత్రం తేడా తెలిసిపోయేది. చెడిన వాసానికి నేను నిచ్చెనెక్కి గీత పెట్టేదాన్ని. గీత పడిందంటే ఆ ఏడు అది మారాల్సిందే. పంట పోయిన ఏడు కూడా వడ్రంగికి కబురు వెళ్ళేది. నాన్నమ్మ సణిగేది, మాకు పండగ బట్టలు తగ్గేవి, వాసం మాత్రం మారేది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. గాలికి దక్షిణం వైపు పెంకు మొత్తం లేచిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని అందరం చీకట్లో, మోకాలి లోతు నీళ్ళలో ఎదురు వీధి డాబా ఇంట్లోకి పరిగెత్తాం. రెండు గదుల్లో ఊరి జనం కిక్కిరిసి ఉన్నారు, కూర్చోడానికి చోటు లేదు. బయట కొబ్బరిచెట్లు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ స్లాబు మీద కూడా ఒకటి పడింది. ఇల్లంతా అదిరింది, స్లాబుకి మాత్రం ఏమీ కాలేదు. అప్పుడు నాన్నమ్మ రెండు చేతులూ ఎత్తి ఆ స్లాబుకి దణ్ణం పెట్టుకోవడం నేను చూశాను. కోనసీమలో ఆ తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు. అలాంటి రాత్రి ప్రాణాలు కాపాడిన దాన్ని జనం దేవుడిలా నమ్మారంటే తప్పెలా అవుతుంది?

తర్వాత తాతయ్య కూడా లోగిలి తీయించి డాబా వేయించారు. మరుసటి రోహిణి కార్తెలో సుద్దముక్క తెచ్చి ఇస్తే, "ఇంక దీన్ని తట్టి చూసేదేముందే, వంద సంవత్సరాలు ఉంటుంది" అన్నారు. అంత జాగ్రత్త మనిషి ఆ రోజుతో కర్ర పక్కన పెట్టేశారు. ఇప్పుడు ఆ ఇంటి సన్‌షేడ్లన్నీ ఊచలు తేలి ఉన్నాయి. ముందు వసారాలో కుర్చీ వేసుకోవడానికి భయమేస్తుంది.

అందుకని మా బిల్డింగు వాళ్ళది నిర్లక్ష్యం అని ఒక్కమాటలో కొట్టేయలేను. కానీ ఇంజినీరు వచ్చి తట్టి వినిపించాక, సుద్ద గీత కళ్ళకి కనబడ్డాక, ఆ గీత మీదే సిమెంటు పూయడం వేరు. దాన్ని మాత్రం ఒప్పుకోలేను.

ఎందుకంటే ఆ బీము కిందే వాచ్‌మన్ గది. రెండు పిల్లర్ల మధ్య గోడ పెట్టి కట్టినది. భార్యాభర్తలూ, ఇద్దరు పిల్లలూ అందులోనే. మంచం సరిగ్గా బీము కింద. వాళ్ళకి అవిభాజ్య వాటా లేదు, మీటింగులో ఓటు లేదు, ఆ నాలుగు పేజీల సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పగులు ఉన్నన్నాళ్ళూ వాచ్‌మన్ భార్యే భయపడి మంచం అటు జరిపి పిల్లల్ని గుమ్మం వైపు పడుకోబెట్టేది. ఇవాళ నేను చూస్తుండగానే మంచం మళ్ళీ పాతచోటికి లాగింది. "పగులు పోయింది కదండి అమ్మగారూ, సాపు చేసేశారు కదండి" అంది నవ్వుతూ. ఆ పూత చూసి బాగుపడిందని నమ్మింది. జరపమని చెప్పాను, లోపల సంగతి మొత్తం చెప్పాను. విని భయపడింది. ప్రెసిడెంటు గారి దగ్గర తన పేరు మాత్రం ఎత్తొద్దని బతిమాలింది.

టెర్రస్ మీద లిఫ్ట్ రూము పక్కన గదిలో వినాయకచవితి పందిరి సామాను ఉంది. రిపేరు అయ్యేదాకా ఆ గది వాళ్ళకి ఇవ్వమని గ్రూపులో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆవిడ పేరు ఎత్తలేదు, నా మాటగానే రాశాను. రేపు పొద్దున్నే మా ఆయనా నేనూ వెళ్ళి ఆ సామాను మా హాల్లోకి దించేస్తాం, అడిగితే అప్పుడే మాట్లాడతాను. మేష్టారి లాంటివాళ్ళు నెలకి కొంత చొప్పున కట్టుకునేలా, మిగతా వాటా ముందు కట్టగలిగినవాళ్ళం సర్దేలా ఒక లెక్క వేసి పెట్టాను. పెయింటుకి వసూలు చేసిన డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది, మొదటి బీముకి అది సరిపోతుంది. ఇంజినీరు గారికి మెసేజ్ పెట్టాను, ఆదివారం సుత్తి తీసుకుని రమ్మని. ఆ పూసిన సిమెంటు అందరి ముందే కొట్టించి లోపల చూపించమంటాను.