వరంగల్ నుంచి ఓషనోగ్రఫీ పీహెచ్‌డీకి: నేను ఎలా ప్రిపేర్ అయ్యానంటే

హనుమకొండలో ఎంఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివాను. పరిశోధన ఫెలోషిప్‌కు రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకున్నాను. ఇప్పుడు కెమికల్ ఓషనోగ్రఫీలో, అంటే సముద్రపు నీటి రసాయన శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తున్నాను. "అక్కా, సముద్రమే లేని చోట కూర్చుని ఈ సబ్జెక్టు ఎలా చదివారు?" అని జూనియర్లు అడుగుతుంటారు. నేను చెప్పేది ఒక్కటే. ఫిజికల్, కెమికల్, బయలాజికల్ అని మూడు నోట్‌బుక్‌లు పెట్టుకోకండి. ఏదో ఒక సముద్రాన్ని పట్టుకుని మూడూ అందులోనే చదవండి. నేను బంగాళాఖాతాన్ని పట్టుకున్నాను. మన గోదావరి వెళ్లి కలిసేది అందులోనే కదా.

ముందు నెట్ పేపర్ సంగతి. మొత్తం 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్ ఏ జనరల్ ఆప్టిట్యూడ్, 30 మార్కులు. పార్ట్ బీ 70, పార్ట్ సీ 100. పార్ట్ సీలో 80 ప్రశ్నలు ఇచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు. తప్పు రాస్తే అందులో 33 శాతం కోత. కాబట్టి ఏవి వదిలేయాలో తెలియడం కూడా ప్రిపరేషన్‌లో భాగమే. పార్ట్ బీ అందరికీ ఉమ్మడి. రాళ్లు, ఖనిజాలు, ప్లేట్ టెక్టానిక్స్, వాతావరణం అన్నీ వస్తాయి. "నాది ఓషన్ సైడ్, జియాలజీ నాకెందుకు" అనుకునేవాళ్లు అక్కడే వెనకబడతారు. పార్ట్ సీకి ఓషన్‌తో పాటు మెటియరాలజీ తప్పనిసరిగా కలుపుకోండి. రుతుపవనాలు తెలియకుండా హిందూ మహాసముద్రం అర్థం కాదు. బీటెక్ వాళ్లకు, ఫిజిక్స్ వాళ్లకు గేట్‌లో ఎక్స్ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్ కూడా మంచి దారి. అందులో మ్యాథ్స్ తప్పనిసరి. ఫ్లూయిడ్ మెకానిక్స్, అట్మాస్ఫియరిక్ అండ్ ఓషనిక్ సైన్సెస్ సెక్షన్లు తీసుకుంటే ఒకదానికొకటి బాగా సాయపడతాయి.

ఇక బంగాళాఖాతం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ మంచినీళ్లు తెచ్చి ఇందులోనే పోస్తాయి. పైగా వాన. మంచినీళ్లు తేలిక కాబట్టి పైనే ఉండిపోతాయి, కిందున్న ఉప్పునీటి మీద మూత వేసినట్టు. ఇంతవరకు అందరూ చదువుతారు. ఇక్కడి నుంచి ప్రశ్నలు ఎటు పోతాయో చూడండి. తుపాను వచ్చి సముద్రాన్ని కలియబెట్టినా, లోతులోని చల్లనీరు పైకి రావడం కష్టం. ఉపరితలం వెచ్చగానే ఉంటుంది, తుపానుకు బలం అందుతూనే ఉంటుంది. ఇది ఫిజికల్ ప్రశ్న. తేలిక నీటి పొరకూ లోతులోని చల్లనీటికీ మధ్య అడ్డుగా ఉండే పొరను బారియర్ లేయర్ అంటారు. చల్లనీటితో పాటు రావాల్సిన నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా రావు. ఇది కెమికల్. అవి రాకపోతే వెలుతురు ఉన్న పై పొరలో ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు) పెద్దగా పెరగదు. ఇది బయలాజికల్. అరేబియా సముద్రం మాత్రం దీనికి తలకిందులు. అక్కడ వానకన్నా ఆవిరయ్యేది ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు సోమాలియా, ఒమన్ తీరాల్లో నైరుతి గాలులు లోపలి నీటిని పైకి తెస్తాయి, ప్లాంక్టన్ విరగపెరుగుతుంది. ఈ రెండు సముద్రాలనూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాసుకుంటే సిలబస్‌లో చాలా భాగం అందులోనే కనిపిస్తుంది.

ఫార్ములాలంటే భయపడేవాళ్లకు ఒక లెక్క చెప్తాను. భూమి తిరగడం వల్ల కదిలే నీరు ఎంతగా పక్కకు మళ్లుతుందో చెప్పే కోరియాలిస్ పరామితి అంటే 2Ω సైన్ φ. Ω అంటే భూమి తిరిగే కోణీయ వేగం, సెకనుకు 7.29 × 10⁻⁵ రేడియన్లు. φ అంటే అక్షాంశం. మన వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సైన్ 18 అంటే 0.309. గుణిస్తే 4.5 × 10⁻⁵ వస్తుంది. 2π ని దానితో భాగించి గంటల్లోకి మార్చండి, సుమారు 39 గంటలు. ఇదే అక్షాంశంలో తూర్పుకు పోతే ఉత్తరాంధ్ర తీరం దాటి సముద్రం వస్తుంది. అక్కడ గాలి ఒక్కసారిగా ఆగిపోతే, కదులుతున్న నీరు కుడివైపు తిరుగుతూ ఒక చుట్టు వేయడానికి పట్టే సమయం అది. దీన్నే ఇనర్షియల్ పీరియడ్ అంటారు. ఇదే లెక్క ధ్రువం దగ్గర చేస్తే 12 గంటలే వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఎందుకు పని చేయదో మీరే ఆలోచించండి, అక్కడ ఇంకో ప్రశ్న దొరుకుతుంది. గాలి వీస్తే సముద్రపు నీరు ఎటు కదులుతుందో చెప్పే ఎక్‌మన్ సిద్ధాంతం కూడా బట్టీ పట్టాల్సింది కాదు. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ ఓడ మీద ఆర్కిటిక్‌కు వెళ్లి, మంచు గాలి దిశకు కుడిపక్కగా జరుగుతోందని గమనించాడు. ఆ చూసినదానికి ఎక్‌మన్ 1905లో గణితం ఇచ్చాడు. ముందు ఈ కథ, తర్వాత సమీకరణం చదవండి.

కెమికల్ భాగంలో నాకు ఎక్కువ పనికొచ్చింది వింక్లర్ పద్ధతి. 1888 నాటిది, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడానికి నేటికీ ఓడల మీద ఇదే వాడుతున్నారు. పుస్తకంలో రెండు లైన్లలో అయిపోతుంది. చేత్తో చేస్తేనే అర్థమవుతుంది. మేము భద్రకాళి చెరువు నీళ్లతో డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో చేశాం. సీసాలో ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్లు నింపాలి. మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ వేసి మూత బిగించి తిప్పితే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. ఆక్సిజన్ తక్కువుంటే అది తెల్లగానే మిగులుతుంది. ఆమ్లం పోయగానే కరిగి పసుపు రంగుకు వస్తుంది. థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తూ, పసుపు పలచబడ్డాక స్టార్చ్ వేస్తే నీలం. ఆ నీలం పోయిన చుక్క దగ్గర ఆపాలి. ఒక ఆక్సిజన్ అణువుకు నాలుగు థయోసల్ఫేట్‌లు. ఈ నిష్పత్తి ఒకసారి చేత్తో చేసినవాళ్లకు పరీక్ష హాల్లో ఎంత టెన్షన్‌లో ఉన్నా గుర్తొస్తుంది. ప్లాంక్టన్‌లో మూలకాల పాళ్లు చెప్పే రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి 106:16:1 కూడా ఇలాగే. కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ అని చదివి వదిలేయకుండా, 16 నైట్రేట్‌లు ఖర్చైనప్పుడు ఎంత కార్బన్ జీవుల్లోకి వెళ్తుందో లెక్క కట్టి చూడండి.

డేటా గురించి. మనకు ఓడ లేకపోవచ్చు, కానీ డేటా ఉంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4000 ఆర్గో ఫ్లోట్లు (తమంతట తామే మునిగి తేలే కొలత పరికరాలు) సముద్రాల్లో ఉన్నాయి. ఒక్కోటి 1000 మీటర్ల లోతులో ప్రవాహంతో పాటు కదులుతూ, సుమారు పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి శాటిలైట్‌కు పంపిస్తుంది. మన దేశంలో ఈ పని చూసేది ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం), అదీ హైదరాబాద్‌లోనే ఉంది. సునామీ హెచ్చరిక కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే నడుస్తోంది. ఆర్గో డేటా అందరికీ ఉచితం, ఓషన్ డేటా వ్యూ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. రూమ్‌లో పాత ల్యాప్‌టాప్‌లో ఉత్తర బంగాళాఖాతం శీతాకాలపు ప్రొఫైల్స్ గీస్తే, కొన్నిచోట్ల పైనీరు చల్లగా, కింద నీరు వెచ్చగా కనిపించింది. చల్లగా ఉన్నా పైనీటిలో ఉప్పు తక్కువ, అందుకే మునగదు. పుస్తకంలో ఆ పేజీ ఎన్నిసార్లు తిరగేసినా ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న మీరు ఊహించిందే, తెలంగాణ నుంచి సముద్రం మీద ఆసక్తి ఎందుకని. నేను గోదావరితో మొదలుపెట్టాను. నాసిక్ దగ్గర పుట్టి దక్కన్ బసాల్ట్ రాళ్ల మీదుగా, మన ధర్మపురి, కాళేశ్వరం, ఏటూరునాగారం పక్కగా 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రానికి చేరే నది అది. రాళ్లు కరిగి వచ్చే సిలికాతోనే డయాటమ్‌లు అనే ఒక రకం ఫైటోప్లాంక్టన్ గాజు లాంటి గుల్ల కట్టుకుంటాయి. వాటికి నైట్రోజన్ ఎంత అవసరమో సిలికా కూడా దాదాపు అంతే అవసరం. దారిలో శ్రీరాంసాగర్ లాంటి రిజర్వాయర్లలో బురద, కొంత సిలికా ఆగిపోతే తీరంలో ఏ రకం ప్లాంక్టన్ పెరుగుతుంది, దాన్ని తినే చేపల సంగతేంటి అని చెప్పాను. తర్వాత ప్రశ్నలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. కరీంనగర్, మంచిర్యాల, భూపాలపల్లి పిల్లలు ఈ నదిని చూస్తూ పెరిగినవాళ్లు. బోర్డు ముందు దీన్ని మొహమాటం లేకుండా చెప్పుకోండి.

దరఖాస్తు విషయం. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) 1966లో మొదలైంది, విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ సీఎస్ఐఆర్ ల్యాబుల్లో చేసే పరిశోధనకు డిగ్రీలిచ్చే అకాడమీ ఏసీఎస్ఐఆర్ ద్వారా, జనవరి, ఆగస్టు సెషన్లకు. ఆంధ్రా యూనివర్సిటీలో ఈ సబ్జెక్టు 1950ల నుంచీ ఉంది. అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ వచ్చి అక్కడ పాఠం చెప్పి, విశాఖ తీరంలో సముద్రాన్ని కొలిచారు. కొచ్చిన్ యూనివర్సిటీ, బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ భువనేశ్వర్ కూడా చూడండి. జేఆర్ఎఫ్ ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ ఎస్ఆర్ఎఫ్‌కు 42,000. ఇంట్లో ఒప్పించాల్సినవాళ్లకు ఈ అంకె పనికొస్తుంది. ఓడ మీద వారాల తరబడి ఉండాల్సి వస్తుందని కూడా ఇంట్లో ముందే చెప్పండి, ముఖ్యంగా చెల్లెళ్లు. క్రూయిజ్‌కు వెళ్లగలరా అని బోర్డు తప్పకుండా అడుగుతుంది. ఇంటి నుంచి ఆ మాట తీసుకుని వెళ్తే జవాబు గట్టిగా చెప్పగలుగుతారు.