2764 సాకెట్‌లో డబ్ల్యూ27సీ512 పెట్టేటప్పుడు

పాత బోర్డు మీద 2764 ఈప్రామ్ (కరెంటు తీసేసినా ప్రోగ్రామును దాచి ఉంచే 8 కేబీ మెమరీ చిప్) పోతే, దాని చోట 64 కేబీ డబ్ల్యూ27సీ512 హాయిగా వాడుకోవచ్చు. దీన్ని ప్రోగ్రామరే (చిప్‌లో డేటా రాసే పరికరం) 14 వోల్టులతో చెరిపేస్తుంది, అతినీలలోహిత దీపం అక్కర్లేదు. రాతలో తప్పు దొర్లితే క్షణాల్లో చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. అయితే 8 కేబీ ఫైలును ఉన్నదున్నట్టు రాసి సాకెట్‌లో పెడితే మెషీన్ లేవదు.

2764లో 1వ పిన్ను వీపీపీ (రాసేటప్పుడు ఇచ్చే వోల్టేజీ), 27వది పీజీఎం (రాయమనే సంకేతం). బోర్డు మామూలుగా ఈ రెండింటినీ 5 వోల్టులకు కట్టేసి ఉంచుతుంది. డబ్ల్యూ27సీ512లో అవే ఏ15, ఏ14 అడ్రస్ లైన్లు, అంటే చిప్‌లో ఏ చోటు చదవాలో చెప్పేవి. రెండూ ఎప్పుడూ 5 వోల్టుల దగ్గరే ఉంటాయి కనుక చిప్‌లో చివరి 16 కేబీ మాత్రమే బయటికొస్తుంది. మీరు రాసిందేమో మొదటి 8 కేబీలో ఉంది. ప్రాసెసర్‌కు అన్నీ ఎఫ్ఎఫ్‌లే (ఏమీ రాయని ఖాళీ బైట్లు) కనిపిస్తాయి.

అందుకే ఫైలును వరసగా 8 సార్లు అతికించి, సరిగ్గా 65,536 బైట్లు చేసి రాయండి. పై లైన్లు ఎలా ఉన్నా అదే డేటా వస్తుంది. ఒక్క 26వ పిన్ను సంగతి చూడాలి. 2764లో అది ఖాళీ, 512లో ఏ13. బోర్డు దాన్ని దేనికీ కలపకపోతే, చదివే మధ్యలో అది అటూ ఇటూ ఊగి అవుట్‌పుట్‌ను చెదరగొట్టగలదు. మల్టీమీటర్‌తో చూసి, ఖాళీగా ఉంటే 28వ పిన్నుకు సన్నటి తీగతో కలిపేయండి.

కమోడోర్ 64లోని 2364 రోమ్‌లకు ఈ కిటుకు నేరుగా పనికిరాదు. వాటికి 24 పిన్నులే, అడాప్టర్ బోర్డు తప్పదు.

అతినీలలోహిత దీపంతో చెరిపే, మీద గాజు కిటికీ ఉన్న పాత చిప్‌లే రాయాలనుకుంటే వోల్టేజీ దగ్గర జాగ్రత్త. 2716కీ, ఏ లేని 2732కీ 25 వోల్టులు కావాలి. 2732ఏకి 21, 27సీ64కి 12.5. ఆ ఒక్క ఏ అక్షరం చూసుకోకుండా 25 ఎక్కిస్తే చిప్ మీద ఆశ వదులుకోవాల్సిందే. టీఎల్866 టూ ప్లస్ అనే ప్రోగ్రామర్ 18 వోల్టులు దాటదు, కాబట్టి 2716 దానితో కుదరదు.

చెరపడానికి 254 నానోమీటర్ల దీపం కింద, 2.5 సెంటీమీటర్ల దూరంలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ముందు కిటికీ మీది స్టిక్కర్ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ఎక్కువ చిప్‌లు చెరగకపోవడానికి కారణం ఆ జిగురే అని నా నమ్మకం. ఖాళీ అని చూపించగానే తీసేయకండి. సగం సగం చెరిగిన బిట్లు ప్రోగ్రామర్‌లో ఒకలా, బోర్డు మీద ఇంకోలా చదివిస్తాయి.

చిప్ మీది వేగం అంకెలు (డేటా ఇవ్వడానికి పట్టే సమయం) కూడా మోసం చేస్తాయి. డబ్ల్యూ27సీ512 మీద 45 అంటే 45 నానోసెకన్లు, కొన్ని పాత చిప్‌ల మీద అదే 450. 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్ బోర్డుకు 250 నానోసెకన్లు చాలు.

కొన్న చిప్ అసలుదో కాదో ప్రోగ్రామర్‌తో దాని లోపలి ఐడీ చదివితే తెలుస్తుంది: డబ్ల్యూ27సీ512 అయితే డీఏ 08 రావాలి. పేరు చెరిపి కొత్తగా అచ్చేసిన సరుకు బాగా తిరుగుతోంది. ఐడీ తప్పిందని ఆ తనిఖీని ఆపేసి రాయకండి.

సాకెట్‌లో పెట్టేముందు గాటు ఎటుందో మరోసారి చూడండి. తిరగేసి పెడితే 14 (గ్రౌండ్), 28 (5 వోల్టులు) పిన్నులు తారుమారై సరఫరా ఎదురు తిరుగుతుంది. వేలు పెట్టి చూస్తే చిప్ కాలిపోతూ ఉంటుంది.