నాలుగు గొంతుల పేజీలో ఒక్క వరస

“మిగతా మూడు గొంతులు ఏవి? పని పూర్తయ్యాక పంపండి” అని గాయకబృంద సంచాలకుడు నా పేజీ అంచున పెన్సిల్‌తో రాసి తిప్పి పంపిన నాటి నుంచి ఆ మాట నాకు మింగుడుపడడం లేదు. ఇంగ్లండులోని ఒక చిన్న ప్రచురణ సంస్థలో చర్చి పాటల స్వరలిపిని మ్యూజ్‌స్కోర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములో కూర్చి అచ్చుకు సిద్ధం చేయడం నా ఉద్యోగం. ఈస్టర్ ఆరాధనకు ఒక తెలుగు కీర్తన కావాలని వారే అడిగితే, మా ఊరి గుడిలో పాడే మోహన రాగపు వరసను, ఆది తాళంలో, ఉన్నదున్నట్టుగా రాసి ఇచ్చాను.

ఇక్కడి పేజీని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పై స్టాఫ్ (స్వరాలు రాసే అయిదు గీతల వరుస) మీద స్త్రీల పై గొంతు సొప్రానో స్వరాల కాడలు పైకి, కింది గొంతు ఆల్టో కాడలు కిందికి, కింది స్టాఫ్ మీద పురుషుల గొంతులు టెనార్, బేస్ కూడా అదే పద్ధతి, మధ్యలో సాహిత్యం. సొప్రానో, ఆల్టో ఒకే స్వరం మీద కలిసినచోట ఒకే గుండ్రానికి రెండు కాడలు, పైకొకటి, కిందికొకటి, వేయాలి. ఒక కాడ లోపించినా ఆల్టోవారు తమ స్వరం ఏదని ఆగిపోతారు. 1551లో జెనీవా కీర్తనల పుస్తకంలో అచ్చయిన ‘ఓల్డ్ హండ్రెడ్త్’ వరసను ఇప్పటికీ ఇలాగే కూరుస్తున్నాం. పాదానికి ఎనిమిది అక్షరాల చొప్పున నాలుగు పాదాలు కాబట్టి ఎన్ని చరణాలున్నా అవే స్వరాల కింద వరుసగా పేర్చవచ్చు. అలవాటు లేనివారు కూడా ఆ కాగితం చూసి నాలుగు గొంతులతో పాడగలగడం నాకు నేటికీ అబ్బురమే.

అయితే మన కీర్తన మరో దారిలో పూర్తయింది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌధరి (1803–1890) నాటి నుంచి మన పుస్తకాల్లో పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి, కింద సాహిత్యం ఉంటుంది, స్వరాలు ఉండవు. ముందు కూర్చున్న పెద్దాయన పల్లవి ఎత్తుకుంటే గుడి మొత్తం అందుకుంటుంది. చరణానికీ చరణానికీ అక్షరాల లెక్క మారితే గొంతే సర్దుకుంటుంది. అందుకే ప్రతి చరణానికీ నేను స్వరాలు విడిగా రాయవలసి వచ్చింది. గాంధారం నుంచి పంచమానికి జారే చోట స్లర్ గీత (స్వరాలను కలిపే వంపు గీత) గీశాను గాని, ఆ జారుడు ఆ గీతలో లేదు.

తక్కిన గొంతులు చేర్చడం నాకు చేతకాక కాదు. మోహనంలో మధ్యమం లేదు, నిషాదం లేదు. షడ్జాన్ని ‘సి’ అనుకుంటే, పాశ్చాత్య పద్ధతిలో తప్పనిసరిగా వచ్చే ‘ఎఫ్’ తీగకు (తీగ అంటే ఒకేసారి కలిపి పలికే స్వరాల గుంపు, కార్డ్) మధ్యమం కావాలి, ‘జి’ తీగకు నిషాదం కావాలి. చివర ‘ఆమేన్’ అని వాలే ఆ రెండు తీగల్లో మొదటిది ఆ ‘ఎఫ్’ తీగే. వాటిని పెడితే పాట వినసొంపుగానే ఉంటుంది, కాని మోహనం ఉండదు. రాగాన్ని నిలుపుకొన్న పాటను అసంపూర్ణమనడం నాకు కష్టంగా తోచింది. పరాయి దేశంలో ఉన్నాను కాబట్టి మనసు ఇంకొంచెం గట్టిగా పట్టుబట్టిందేమో, అయినా ఇందులో న్యాయం నా వైపే ఉందని నమ్ముతున్నాను.

ఇదంతా ఒక పేజీ రాసి పంపి, దానితో పాటు మరో ప్రతి కూర్చాను: బేస్‌వారికి షడ్జం, టెనార్‌వారికి పంచమం తంబురా శ్రుతిలా ఆగకుండా, సొప్రానో, ఆల్టో కలిసి వరస. సంచాలకుడు ఓపికగా చదివి, సాధనలో పాడించి చూసి, పల్లవికి అదే ఉంచుదామని ఒప్పుకున్నారు. పేజీ తలకట్టున వరస పేరు, పాదానికెన్ని అక్షరాలో చెప్పే ఛందస్సు అంకెలు ఉండే చోట ‘మోహన, ఆది’ అని వేయడానికీ అభ్యంతరం చెప్పలేదు. చరణాలకు మాత్రం తీగలు కావాలని ఆయన ఇంకా అంటున్నారు, నేను వద్దంటున్నాను. రెండో ప్రూఫ్‌లో కూడా చరణాలను శ్రుతితోనే కూర్చి పంపాను.