మీటర్లో 12 వోల్టులు, పంపు మాత్రం ఉలకదు పలకదు

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, స్పార్క్ వస్తోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. పాత కారుకి ఈ పరిస్థితి వస్తే చాలామంది మొదట చేసే పని కొత్త ఫ్యూయల్ పంపు కొనడం. కాస్త ఆగండి, పంపు దాకా కరెంటు సరిగ్గా వెళ్తోందో లేదో తేలకుండా దానిమీద నింద వేయడం అన్యాయం.

ముందు ఒక మాట. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 1970, 80ల కార్లలో చాలావాటికి కీ ఆన్ చేసి వదిలేస్తే పంపు తిరగదు, అది లోపం కాదు. బాష్ కంపెనీ ఇంజెక్షన్ సిస్టమ్ అయిన పాత ఎల్-జెట్రానిక్‌లో ఇంజిన్ పీల్చే గాలిని కొలిచే మీటర్ ఫ్లాప్ కదిలితేనే లోపలి స్విచ్ పంపుని ఆన్ చేస్తుంది, అదే కంపెనీ కె-జెట్రానిక్ ఉన్న కార్లు చాలావాటిలో రిలే (పంపుకి కరెంటు కలిపే ఎలక్ట్రిక్ స్విచ్) ఇగ్నిషన్ కాయిల్ పల్సులు చూసి నడుస్తుంది. యాక్సిడెంట్‌లో ఇంజిన్ ఆగిపోతే పెట్రోల్ కూడా ఆగాలి కదా, అందుకే ఈ ఏర్పాటు.

కాబట్టి రిలే పీకి, వైరింగ్ డయాగ్రమ్ చూసుకుని, మధ్యలో ఫ్యూజ్ పెట్టిన వైరుతో సాకెట్‌లో 30 (బ్యాటరీ కరెంటు వచ్చేది), 87 (పంపుకి వెళ్లేది) అని నంబరున్న టెర్మినల్స్ కలపండి. పంపు తిరిగిందా, వైరింగ్ దాదాపు బాగున్నట్టే, తేడా రిలేలోనో దానికి సిగ్నల్ వచ్చే దారిలోనో ఉంది. రిలే మూత తీసి సోల్డర్ చుట్టూ సన్నటి పగుళ్లున్నాయేమో భూతద్దంతో చూడండి, పాతవాటికి ఇది మామూలు జబ్బే.

నా కారులో అలా కలిపినా పంపు మూలిగింది తప్ప తిరగలేదు. పంపు వైరు ప్లగ్ పీకి కొలిస్తే 12 వోల్టులు దాటి చూపించింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే! లోడ్ లేకపోతే తెగిపోగా ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. అందుకే ప్లగ్ పెట్టి, పంపు ఆన్‌లో ఉండగా ఆ ప్లగ్ వెనకనుంచి కొలవాలి. అలా చూస్తే పంపు దగ్గర మిగిలింది 8.4 వోల్టులు. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ దాకా పోయింది 0.4 మాత్రమే, అది ఫరవాలేదు. పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి కొలిస్తే 3.6! దొంగ దొరికాడు.

డిక్కీ కార్పెట్ ఎత్తితే పంపు మైనస్ వైరుని కారు బాడీకి కలిపే ఎర్త్ బోల్టు బయటికి మెరుస్తూనే ఉంది. విప్పితే రింగు కింద పచ్చటి చిలుము, దాని కింద ఎవరో ఎప్పుడో కొట్టిన పెయింటు పొర. ఎమరీ పేపర్‌తో లోహం కనిపించేదాకా రుద్ది, కొత్త రింగు బిగించి, పైన కాస్త గ్రీజు పూశాక అదే చోట 0.1 వచ్చింది.

ఒక జాగ్రత్త: ట్యాంకు దగ్గర టెస్ట్ క్లిప్పులు పెట్టడం, తీయడం కరెంటు లేనప్పుడే చేయండి, స్విచ్ దూరంగా పెట్టుకుని అక్కణ్నుంచి ఆన్ చేయండి. పెట్రోల్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

కార్బురేటర్ కారులో టకటకలాడే ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంపు ఉన్నవాళ్లయితే, కరెంటు, ఎర్త్ రెండూ సరిగ్గా ఉండి అది మొరాయిస్తే మెల్లగా తట్టి చూడండి. తట్టగానే కొట్టుకోవడం మొదలుపెడితే లోపల కరెంటు కలిపి తెంచే పాయింట్లు శుభ్రం చేయాల్సిన టైమ్ వచ్చినట్టే.