ఖాళీ చేయమనేది ఎవరు, మాత్ర వేసుకోమనేది ఎవరు?

అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగితే ఎవరి పని ఏమిటో కాగితం మీద బాగానే రాసి ఉంటుంది. ప్రహరీ లోపలిదంతా ప్లాంటు వాళ్లది. జనాన్ని తరలించడం, బస్సులు, శిబిరాలు స్థానిక, ప్రాంతీయ ప్రభుత్వాలవి. రేడియేషన్ అంచనాలు, నిపుణుల సలహా, 1986 నాటి ఒప్పందం ప్రకారం ఇతర దేశాలకు కబురు పెట్టడం జాతీయ ప్రభుత్వానివి. చిక్కంతా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే చోటే.

2011 మార్చి 11 రాత్రి జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదంలో 8:50కి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం ప్లాంటుకి 2 కిలోమీటర్ల లోపు వాళ్లని ఖాళీ చేయమంది. 9:23కి టోక్యోలోని జాతీయ ప్రభుత్వం 3 కిలోమీటర్లంది. మర్నాడు సాయంత్రానికి అది 20 అయింది. అందరూ ఒకచోట కూర్చుని నిర్ణయించడానికి కట్టిన కేంద్రం ప్లాంటుకి 5 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కరెంటు పోయింది, ఫోన్లు పలకలేదు, గాలిని వడకట్టే ఫిల్టర్లు ముందునుంచే లేవు. చివరికి దాన్నే ఖాళీ చేయాల్సి వచ్చింది!

రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్‌లో చేరకుండా అడ్డుకునే అయోడిన్ మాత్రల సంగతి మరీ విడ్డూరం. మార్చి 15న మిహారు పట్టణం పైనుంచి ఆదేశం రాకుండానే మాత్రలు పంచింది. ప్రిఫెక్చర్ వెనక్కి తీసుకోమంది, పట్టణం ఒప్పుకోలేదు. మా దృష్టిలో పట్టణానిదే సరైన పని, ఎందుకంటే ఈ మాత్రకి సమయమే ప్రాణం. రేడియోధార్మిక అయోడిన్ లోపలికి చేరడానికి ముందు 24 గంటల్లోపు, లేదా చేరడం మొదలైన 2 గంటల్లోపు వేసుకుంటే పూర్తి ఫలితం. 8 గంటల వరకూ కొంత మేలు. రోజు దాటాక వేసుకుంటే నష్టమే ఎక్కువ కావచ్చు. పెద్దలకి 130 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్, 3 నుంచి 12 ఏళ్ల వాళ్లకి 65, నెల నుంచి మూడేళ్ల లోపు 32, నెల నిండని బిడ్డకి 16. పెద్దల మాత్రని ఎనిమిదో వంతుకి కొలవడం అర్ధరాత్రి హడావుడిలో అయ్యే పని కాదు. అందుకే ప్లాంటు చుట్టూ 3–5 కిలోమీటర్ల లోపలి వలయంలో మాత్రలు ముందే ఇళ్లలో ఉండాలి. అత్యున్నత స్థాయి ఎమర్జెన్సీ ప్రకటించగానే అక్కడ మీటింగుల కోసం ఆగకుండా పని మొదలైపోవాలి.

డ్రిల్లులో సరిగ్గా పరీక్షించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆసుపత్రులు: ఫుకుషిమాలో మంచాన ఉన్న రోగుల్ని సరైన ఏర్పాట్లు లేకుండా గంటల తరబడి బస్సుల్లో తిప్పితే పదుల సంఖ్యలో చనిపోయారు. రెండు, డ్రైవర్లు. బస్సుల ఒప్పందం ప్రాంతీయ ప్రభుత్వం దగ్గరుంటుంది, డ్రైవరుకి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే డోసిమీటర్లు ఇంకో శాఖ దగ్గరుంటాయి. ఆ రెండూ ఒకే డిపోకి చేరకపోతే బస్సు కదలదు.