పిల్లలు చదివే కథల్లో మనం

అమెరికా వచ్చిన తెలుగువాళ్ళం పిల్లలకి మన కథ చెప్పే తీరు దాదాపు అందరిదీ ఒకటే. రెండు పెట్టెలతో దిగాం, ఇక్కడ ఎవరూ తెలియదు, రాత్రనక పగలనక కష్టపడ్డాం, ఇదిగో ఈ ఇల్లు, ఈ కారు. చివర్లో "మీకు అన్నీ అమరాయి కాబట్టి విలువ తెలియట్లేదు" అని ఒక ముక్తాయింపు. ఐదారేళ్ళప్పుడు పిల్లలు కళ్ళు విప్పార్చుకుని వింటారు. పదకొండో పన్నెండో వచ్చేసరికి రెండో వాక్యం దగ్గరే చూపు ఫోన్ మీదకి పోతుంది. వాళ్ళ తప్పేం లేదు. మనం చెప్పేది కథ కాదు, ఉపన్యాసం. అందులో మనకి ఎప్పుడూ భయం వెయ్యదు, ఎవరి మీదా కోపం రాదు, అన్నీ వదిలేసి వెనక్కి వెళ్ళిపోవాలని ఒక్కసారి కూడా అనిపించదు. అలాంటి అమ్మానాన్నలతో పదమూడేళ్ళ పిల్ల మనసు విప్పి ఏం మాట్లాడుతుంది?

మా ఇంట్లో ఆ మాటలు నవలల వల్ల మొదలయ్యాయి. మేముండేది హ్యూస్టన్ పడమటి శివారు కేటీలో. అబ్బాయికి పదిహేడు, అమ్మాయికి పదమూడు. అమ్మాయి స్కూల్ లైబ్రరీ నుంచి తెచ్చుకునే పుస్తకాల్లో ఇప్పుడు మన పేర్లున్న పిల్లలు బాగానే కనిపిస్తున్నారు. 2014లో 'వుయ్ నీడ్ డైవర్స్ బుక్స్' అంటూ రచయితలు గట్టిగా అడగడం మొదలుపెట్టాక ఇక్కడి పిల్లల పుస్తకాల్లో ఈ మార్పు ఊపందుకుంది. ఇల్లు, స్నేహం, తానెవరో తెలుసుకోవడం, ఉన్నచోటు వదిలి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టడం, ఇవే ఆ నవలల్లో ఎక్కువగా ఉండే విషయాలు. ఒకరోజు అమ్మాయి ఒక పుస్తకం తెచ్చి వంటింట్లో మిక్సీ పక్కన పెట్టి, "నువ్వు కూడా చదువమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అని వెళ్ళిపోయింది.

అది రజని లరోకా రాసిన 'రెడ్, వైట్, అండ్ హోల్'. 2021లో వచ్చింది, 2022లో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ పురస్కారం అందుకుంది. రచయిత్రి డాక్టరు కూడా. వచన కవిత్వంలో సాగే చిన్న నవల. 1983లో అమెరికాలో పెరుగుతున్న రేహా అనే అమ్మాయి కథ. వారమంతా స్కూలు, స్కూలు స్నేహితులు. శనాదివారాలు మనవాళ్ళు, మన వంటలు. ఒక లోకంలోవాళ్ళకి రెండో లోకం సంగతి పెద్దగా తెలియదు. ఇంతలో అమ్మకి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అని తెలుస్తుంది. వాళ్ళమ్మ చెప్పిన సావిత్రి కథని ఆ పిల్ల గట్టిగా పట్టుకుంటుంది. సావిత్రి యముణ్ణి ఒప్పించి భర్తని తెచ్చుకున్నప్పుడు నేను అమ్మని తెచ్చుకోలేనా అని.

మా అమ్మాయికి సావిత్రి కథ పైపైనే తెలుసు. మొత్తం చెప్పమంది. నాకంటే మా అమ్మ బాగా చెబుతుందని శనివారం రాత్రి వీడియో కాల్ చేశాం. కాకినాడలో అప్పటికి ఆదివారం పొద్దున్న, అమ్మ కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుంది.

"యముడు పొమ్మన్నాడు. పోలేదు, వెనకాలే నడిచింది. నడుస్తూ ధర్మం గురించి మాట్లాడింది. ఆయనకి ఆ మాటలు నచ్చి, నీ భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకో అన్నాడు. ఏం అడిగింది చెప్పు? మావగారికి చూపు. ఆ తరవాత ఆయన పోగొట్టుకున్న రాజ్యం. మూడోది, వాళ్ళ నాన్నకి నూర్గురు కొడుకులు. నాలుగోది, నాకూ నూర్గురు కొడుకులు కావాలి అంది. సరే అనేశాడు."

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి గట్టిగా అరిచింది. "అమ్మమ్మా! షి ట్రాప్డ్ హిమ్!"

"అంతేగా మరి. మొగుడు లేకుండా పిల్లలెలా స్వామీ అంది. ఆయన దగ్గర జవాబేదీ?"

అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకి చెప్పిన కథ ఇది. మన దగ్గర దీన్ని పాతివ్రత్యం పాఠంగానే చెప్పుకుంటూ వచ్చాం. మా అమ్మాయికి మాత్రం ఇందులో వాదించి గెలిచిన ఆడపిల్ల కనిపించింది. అయితే నవలలో రేహాకి ఆ వరం దొరకదు. అదే అమ్మాయి మనసులో తిరుగుతున్నట్టుంది, కాసేపటికి నెమ్మదిగా అడిగింది. "తాతయ్య హాస్పిటల్లో ఉన్నప్పుడు నీకు భయం వేసిందా అమ్మమ్మా?"

2021 మే నెలలో మా నాన్నగారు కోవిడ్‌తో పోయారు. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంది. ఆ రోజుల్లో ఇండియాలోని అమెరికన్ కాన్సులేట్లలో మామూలు అపాయింట్‌మెంట్లు ఆగిపోయాయి. వెళ్తే మళ్ళీ ఎప్పుడు రాగలనో చెప్పేవాళ్ళు లేరు, ఇక్కడ ఇద్దరు పిల్లలు. వెళ్ళలేదు. అమ్మ ఫోన్లో ఎప్పుడూ "అంతా తమ్ముడు చూసుకున్నాడులే" అనే చెప్పింది. ఆ రాత్రి మనవరాలు అడిగితే మాత్రం చెప్పింది. ఆసుపత్రి బయట చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదట. లోపలినుంచి ఎవరు బయటికి వచ్చినా లేచి నిలబడేదట. "సావిత్రికి కనీసం యముడు కనబడ్డాడు. నాకెవరూ కనబడలేదే, ఎవర్ని అడగను?" అంది.

నేను వెనక సోఫాలో కూర్చుని ఇదంతా విన్నాను. సొంత కూతురికి చెప్పుకోలేని దుఃఖం ఆవిడ మనవరాలికి చెప్పుకోగలిగింది, మధ్యలో ఒక కల్పిత కథ ఉంది కాబట్టి. నవలలు మన పిల్లలకి ఇంగ్లీషు బాగుపడటానికో, కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్సేటీ పరీక్ష స్కోరుకో పనికొస్తాయని చదివించేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. మూడు తరాలు ఒక విషయం గురించి మాట్లాడుకోవడానికి మా ఇంట్లో ఇంతకంటే మంచి సాధనం ఇంకోటి దొరకలేదు.

తర్వాత ప్రశ్న నా వంతు వచ్చింది. "నువ్వు ఇక్కడికి వచ్చిన కొత్తలో పగలంతా ఏం చేసేదానివి?" ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, చంకలో బిడ్డతో హెచ్-4 మీద వచ్చాను. ఇక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా అది. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. హ్యూస్టన్‌లో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. జూన్ ఎండలో, ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్క గడ్డిలో స్ట్రోలర్ తోసుకుంటూ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళేదాన్ని. అక్కడ ఏసీ ఉండేది, పిల్లలకి కథలు చదివి వినిపించేవాళ్ళు, డబ్బు కట్టక్కర్లేదు. 'అమెరికన్' యాస నా చెవికి పట్టింది ఆ పసిపిల్లల కథల వల్లే. 2015 మే 26 నుంచి, గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో కంపెనీ వేసే ఐ-140 అర్జీకి ఆమోదం వచ్చినవాళ్ళ జీవిత భాగస్వాములకి వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలైంది. అది వచ్చాక టీచర్ సర్టిఫికేషన్ చేశాను. ఇప్పుడు హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ చివరి ముక్క పిల్లలకి తెలుసు. గడ్డిలో స్ట్రోలర్ సంగతి తెలియదు. "మధ్యాహ్నం మూడింటికి ఎవరితోనైనా తెలుగులో ఒక్క మాట మాట్లాడాలనిపించి ఏడుపొచ్చేది" అని చెప్తే అమ్మాయి నా పక్కకి జరిగి కూర్చుంది. స్కూల్లో మొదటి ఏడాది తనతో లంచ్‌లో ఎవరూ కూర్చోకపోతే లైబ్రరీలో తినేదాన్నని తనూ అప్పుడే చెప్పింది. అక్కడే దొరికిందట ఇప్పటి ప్రాణస్నేహితురాలు.

ఆ స్నేహితురాలిది వియత్నాం మూలాలున్న కుటుంబం. హ్యూస్టన్‌లో వాళ్ళ జనాభా ఎక్కువ, బెల్లయిర్ బులెవార్డ్ వెంట వాళ్ళ దుకాణాలు ఎన్నో. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల వశమయ్యాక శరణార్థులుగా వచ్చినవాళ్ళతో మొదలైన బస్తీ. ఆ పిల్ల నాయనమ్మ అలా వచ్చినావిడే, కానీ ఆ ప్రయాణం గురించి ఇంట్లో నోరు విప్పదట. పిల్లలిద్దరూ పుస్తకాలు మార్చుకుని చదువుతారు. "మీ అమ్మ కావాలని వచ్చింది, మా నాయనమ్మ వేరే దారి లేక వచ్చింది, రెండూ ఒకటే అని రాస్తే నాకు కోపం వస్తుంది" అని ఆ పిల్ల మా డైనింగ్ టేబుల్ దగ్గర పెసరట్టు తింటూ అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. వలస అనగానే అందరినీ ఒకే గాటన కట్టే పుస్తకాలు చాలానే ఉన్నాయి మరి.

మా అబ్బాయికి మాత్రం ఈ నవలలు ఎక్కవు. వాడు కాకినాడలో పుట్టి నెలల బిడ్డగా వచ్చాడు. చెల్లెలు పుట్టుకతో అమెరికా పౌరురాలు, వాడు ఇంకా హెచ్-4. ఏ ఒక్క దేశానికీ ఏటా ఇచ్చే ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో 7 శాతం మించకూడదన్న నియమం వల్ల మనవాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి కదలదు. ఈలోపు 21 నిండితే పిల్లలు 'ఏజ్ అవుట్' అయిపోతారు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన హోదా పోతుంది, స్టూడెంట్ వీసాకో ఇంకోదానికో మారాలి, లేదా వెళ్ళిపోవాలి. వర్క్ పర్మిట్ భార్యకో భర్తకో గానీ పిల్లలకి రాదు. చెల్లెలు ఇచ్చిన నవల ఒకటి సగం చదివి వాడన్నాడు: "వీళ్ళందరి ప్రాబ్లెమ్ 'నేనెవర్ని' అని. నా ప్రాబ్లెమ్ 'నేనిక్కడ ఉండొచ్చా' అని. ఇందులో నేను లేను."

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఇక్కడ పుట్టిన పిల్లల అస్తిత్వం గురించి ఎంతో బాగా రాస్తున్న వాళ్ళున్నారు, ఇలా మధ్యలో నిలబడిపోయిన పిల్లల గురించి నా కంటపడినది తక్కువ. అందుకేనేమో వాడే రాశాడు. స్కూల్లో క్రియేటివ్ రైటింగ్ అసైన్‌మెంట్ కింద నాలుగు పేజీల కథ. అందులో కుర్రాడి స్నేహితులందరూ వేసవిలో స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డులుగా చేరతారు. వాడు చేరలేడు. వీసా గొడవ చెప్పుకోలేక, "మా పేరెంట్స్ ఒప్పుకోరు, వాళ్ళు చాలా స్ట్రిక్ట్" అని చెబుతాడు. స్నేహితులు జాలిపడతారు. వేసవంతా వాడు ఈత రాని పిల్లలకి ఊరికే నేర్పుతూ పూల్ గట్టున కూర్చుంటాడు.

నిజంగానే వాడు స్నేహితులకి అలా చెబుతున్నాడని ఆ కథ చదివితేనే మాకు తెలిసింది. మావారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఫర్వాలేదు నాన్నా, ఇకముందు కూడా అలాగే చెప్పు. నా మీద పెట్టెయ్" అన్నారు. ఆ రాత్రి తండ్రీ కొడుకులిద్దరూ గరాజ్‌లో కూర్చుని ఐ-140 నుంచి, గ్రీన్ కార్డు క్యూలో మా చోటు చెప్పే ప్రయారిటీ డేట్ దాకా అన్ని కాగితాలూ ముందేసుకుని మాట్లాడుకున్నారు. అంతకుముందు ఆ ఫైలు వాడి ముందు తెరిచింది లేదు.

ఇక తెలుగు వైపు. మేముంటున్న ఊరికి ఇందులో పెద్ద చరిత్రే ఉంది. 1994లో మొదలైన సాహిత్య సంస్థ వంగూరి ఫౌండేషన్ హ్యూస్టన్‌దే, ఇక్కడి తెలుగువాళ్ళ కథల్ని సంకలనాలుగా తెచ్చింది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకునే ఆర్టీయెస్ పద్ధతి ఈ ఊళ్ళోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది. మా ఊరి సంగతి అలా ఉంచితే, 1998 నుంచి ఇంటర్నెట్లో 'ఈమాట' పత్రిక నడుస్తోంది. అంటే మన వలస బతుకుల మీద తెలుగులో కథలకి కొదవ లేదు. అవి మన పిల్లలు చదవలేరు, వాళ్ళు చదివేవి మనం చదవం.

నేను రెండు వైపులా చదువుతున్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. మన తెలుగు కథల్లో చాలావాటిలో పిల్లలు ఒక సమస్యగా వస్తారు. మాట వినరు, భాష రాదు, ఎవరినో తెచ్చి పెళ్ళంటారు. వాళ్ళ ఇంగ్లీషు నవలల్లో చాలావాటిలో మనం అడ్డుగోడలం. మార్కులడుగుతాం, స్కూల్ డాన్స్ పార్టీకి పంపం, చివర్లో కరిగిపోతాం. రెండు చోట్లా రెండో తరం మనిషి పూర్తిగా కనపడడు. బాగున్న కథల్లో కనపడతాడు. అలాంటివి వెతికి పట్టుకోవాలి.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు నేనో తెలుగు కథ పైకి చదువుతాను, అర్థం కానిచోట ఆపమంటాను. నీతి అడగను, పరీక్ష పెట్టను. తర్వాత వారం వాళ్ళు ఎంచిన పుస్తకంలో ఒక అధ్యాయం. డెబ్బైలలో వచ్చినవాళ్ళ కథల్లో కరివేపాకు దొరకని బాధ, ఉత్తరం రావడానికి పట్టే వారాలు వింటే అబ్బాయికి ఆసక్తి. "వాళ్ళకి గ్రీన్ కార్డ్ ఎన్నాళ్ళకి వచ్చింది?" అన్నది మాత్రం ప్రతిసారీ వాడి మొదటి ప్రశ్న.

వాడి కథని నేను తెలుగులో రాస్తున్నాను, అమ్మ చదవాలని. మనవడు సెలవుల్లో ఎందుకు ఏ పనీ చెయ్యడో ఆవిడకి ఇన్నాళ్ళూ అర్థం కాలేదు. మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంచికవాళ్ళని కూడా అడిగాను. పెద్దల కవితలు, స్పాన్సర్ల ప్రకటనలతో పాటు హైస్కూలు పిల్లల కథలకి కొన్ని పేజీలు ఇవ్వండి, పిల్లలు ఇంగ్లీషులో రాసినా సరే, పక్కనే తెలుగు చేసి వేద్దాం అన్నాను. ఒప్పుకున్నారు. అమెరికాలోని పెద్ద తెలుగు సంఘాలు తానా, ఆటా సభల సంచికల్లో కూడా ఈ చోటు ఉండాలి. అనువదించే పని నాతోపాటు మరో ఇద్దరు అమ్మలు, ఒక తాతగారు తీసుకున్నారు. పిల్లల దగ్గర్నుంచి కథలు రావడం మొదలైంది. వాటిలో రెండింటిలో తల్లి పాత్ర పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటుంది.