మ్యాగజైన్ తీసినా మిగిలే తూటా

టెక్సాసులో నేను పనిచేసే కర్మాగారంలో ఎంత చిన్న యంత్రాన్ని విప్పాలన్నా ముందు కరెంటు తీసి, ఆ స్విచ్చికి ఎవరి తాళం వారు వేసుకుని, చెవి జేబులో పెట్టుకుని, ఆ తర్వాత స్టార్ట్ బటను నొక్కి అది నిజంగా ఆగిందో లేదో చూసుకోవాలి. లాకౌట్-ట్యాగౌట్ అనే ఈ పద్ధతిని అమెరికా ప్రభుత్వం 1989లోనే నిబంధన చేసింది. ఎంత అనుభవమున్నవాడైనా ఏదో ఒక రోజు మరిచిపోతాడన్న లెక్కతో రాసిన నిబంధన అది. ఇంత జాగ్రత్తగా పనిచేసే సహోద్యోగులే ఇంట్లో తూటాలు నింపిన పిస్తోలును మంచం పక్క సొరుగులో ఉంచుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మనవాళ్లూ ఇందుకు దూరం కాదు. హెచ్-1బి వీసా మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగిపోతుంది. అలా కొన్న చిత్తూరు మిత్రుడొకరు తన పిస్తోలును శుభ్రం చేస్తుంటే దగ్గరగా చూశాను. తూటాలుండే పెట్టెను, అంటే మ్యాగజైన్‌ను, తీయగానే ఖాళీ అయిందనిపిస్తుంది గాని, గొట్టం వెనుక అరలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. అందుకే ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జారే భాగాన్ని, అంటే స్లైడును, వెనక్కి లాగి ఆ తూటాను బయట పడేయాలి. ఈ రెండూ తారుమారైతే, స్లైడు ముందుకు వస్తూ మ్యాగజైనులోని మరో తూటాను అరలోకి తోస్తుంది. చేసినవాడు మాత్రం అన్నీ చేశానన్న నమ్మకంతో ఉంటాడు. పైగా కొన్ని రకాలను విప్పాలంటే ట్రిగ్గరు నొక్కక తప్పదు.

మరుపు సంగతి సరేసరి. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు దొరికితే, వాటిలో నూటికి 93 తూటాలు నింపినవే. 2020 నుంచి అక్కడ 1–19 ఏళ్ల వారి మరణాలకు తుపాకీయే మొదటి కారణం. వాటిలో ప్రమాదాలకన్నా హత్యలు, ఆత్మహత్యలే ఎక్కువన్నది నిజమే కాని, క్షణికావేశాన్ని పొరపాటు కాదనడానికి నాకు మనసొప్పదు.

సెలవుకు తిరుపతి వచ్చినప్పుడు, పలమనేరు వైపు పల్లెలో ఉండే మా మామయ్యతో ఈ మాటలే వచ్చాయి. అడవిపందుల బెడదకు ఆయన ఒకప్పుడు కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నారు. ఎన్నికలొస్తే తుపాకీని స్టేషనులో అప్పగించి రసీదు తీసుకునేవారు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాసులో 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అనర్హత లేనివారు శిక్షణ గాని పర్మిట్ గాని లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చని చెబితే, "అట్లయితే ఇంట్లో యాడ పెడతారు అల్లుడా, బిడ్డలుంటే?" అని అడిగారు. తూటాలు నింపిన తుపాకీని 17 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా వదిలేస్తే అక్కడా నేరమే గాని, అది పిల్లవాడి చేతికి అందిన తర్వాతే ఆ చట్టం కదులుతుందని చెప్పాను.